మూడు గంటల దూరమే గదా అనేవాళ్లకు

చాలా రోజుల నుంచి గొంతులో ఉన్న మాట ఇయ్యాల రాస్తున్న. కొంచెం పొడుగైతది, చదవండి.

ఊరికి పోయినప్పుడల్లా ఎవరో ఒకరు అంటరు: "మస్కట్ ఎంత దూరమని? మూడు గంటల్లో దిగుతరు. కష్టమంటే అమెరికా పోయినోళ్లది!"

లెక్క నిజమే. మస్కట్ నుంచి శంషాబాద్‌కు గాలిలో దాదాపు 2,200 కిలోమీటర్లు. నేరుగా పోయే విమానమైతే మూడు గంటలు, కాస్త అటూ ఇటూ. మన దేశం టైము ఒమాన్ కంటే గంటన్నర ముందుంటది కాబట్టి టికెట్ మీద చూస్తే పోయేటప్పుడు నాలుగున్నర గంటలైనట్టు, వచ్చేటప్పుడు గంటన్నరకే దిగినట్టు కనిపిస్తది.

మరి మా బాపు పోయినప్పుడు నేను ఇల్లు చేరేసరికి నాలుగు రోజులు ఎందుకు దాటినయి?

అప్పుడు నేను దుక్మ్ దగ్గర సైట్ల ఉన్న. మస్కట్‌కు 500 కిలోమీటర్ల పైనే. గురువారం రాత్రి ఫోన్ వచ్చింది. పాస్‌పోర్టేమో మస్కట్‌లో, కంపెనీ బీరువాలో. శుక్రవారం, శనివారం ఆఫీసు బంద్. ఆదివారం మేనేజర్ సంతకం. సోమవారం రాత్రి విమానం. శంషాబాద్‌లో దిగినంక జగిత్యాల దిక్కు ఇంకో ఐదు గంటలు. శుక్రవారమే మా చిన్నాయన కొడుకు తలకొరివి పెట్టిండు. నేను పోయేసరికి పిట్టకు పెట్టుడు కూడా అయిపోయింది.

మా ఊరి పిల్లగాడే ఒకడు తల్లి పోతే డల్లాస్ నుంచి, 14,000 కిలోమీటర్ల పైనుంచి, రెండో రోజుకు వచ్చిండు. ఎందుకంటే పాస్‌పోర్టు అతని సొరుగులనే ఉన్నది. ఇప్పుడు చెప్పండి, ఎవరిది దూరం?

కంపెనీని తిట్టి ఊకుంటే సరిపోదు. మన తప్పు కూడా ఉన్నది. పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి, 1967 చట్టంలనే ఆ మాట ఉన్నది. ఒమాన్ 2023 కార్మిక చట్టం ప్రకారం కూడా మనం రాసి ఒప్పుకుంటే తప్ప కంపెనీ దాన్ని ఉంచుకోవద్దు. ఆ ఒప్పుకోలు కాగితం మీద, చదవకుండ, దిగిన రోజే సంతకం పెట్టింది ఎవరు? నేనే. మీరు కూడా.

"పెట్టకపోతే వాపస్ పంపుతరు" అంటరు. గొడవ పెట్టుకోమని చెప్తలేను. భద్రం కోసం ఇయ్యాల్సి వస్తే, అడిగిన రోజే తిరిగి ఇస్తమని అదే కాగితం మీద రాయించుకోండి. ఏడాదికి కనీసం 30 రోజుల జీతం సెలవు ఈ దేశం చట్టం ఇచ్చిన హక్కు. సెలవు ఎప్పుడు, టికెట్ ఎవరిది అనేది విమానం ఎక్కకముందే అగ్రిమెంట్‌లో చూసుకోండి. ఒక టికెట్ పైసలు ఎప్పుడూ పక్కకు పెట్టుకోండి, ఇంటికి పంపే పైసల్లో కలపొద్దు.

మూడు గంటల దూరం మనకు కూడా మూడు గంటలే కావాలె. మీ పాస్‌పోర్టు ఇప్పుడు ఎక్కడున్నదో ఈ రాత్రే చూసుకోండి.