తన వ్యాజ్యంలో తానే ఖాజీ

ఖాజీ తన సొంత వ్యాజ్యంలో తీర్పు చెప్పరాదు; తన తల్లిదండ్రులకు, సంతానానికి అనుకూలంగా ఇచ్చిన తీర్పూ చెల్లదు. మదరసాలో ఈ పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి లేచి, "హజ్రత్, మరి భద్రతా మండలిలో ఐదు దేశాలకు వీటో ఎవరిచ్చారు?" అని అడిగాడు. వారికి వారే ఇచ్చుకున్నారని మేము చెప్పాము.

1945 ఫిబ్రవరిలో రూజ్వెల్ట్, చర్చిల్, స్టాలిన్ యాల్టాలో కూర్చుని ఓటింగ్ పద్ధతిని ఖాయం చేశారు. ఏప్రిల్ 25న శాన్ ఫ్రాన్సిస్కోలో దేశాలన్నీ సమావేశమయ్యేసరికి అసలు విషయం తేలిపోయింది. ఆస్ట్రేలియా మంత్రి ఇవాట్ చిన్న దేశాల పక్షాన గట్టిగా వాదించారు. వీటో లేనిదే సమితి లేదన్నదే పెద్ద దేశాల జవాబు. మన దేశం తరఫున ఆర్కాట్ రామస్వామి ముదలియార్ సంతకం చేశారు. అప్పటికి మనమే పరాధీనులం.

బలాన్ని బట్టే పీటలు వేశారనుకుందామా? 1940లో జర్మనీకి లొంగిపోయిన ఫ్రాన్స్‌ను యాల్టాకు పిలవనే లేదు. అయినా శాశ్వత స్థానం దక్కింది. సభ సాగుతుండగానే, మే 29న, ఫ్రెంచి ఫిరంగులు దమాస్కస్‌లోని పార్లమెంటు భవనంపై గుండ్లు కురిపించాయి. వందలాదిమంది మరణించారు. శాంతి కోసం జరుగుతున్న ఆ సభలో సిరియా ప్రతినిధులూ ఉన్నారు, ఫ్రాన్స్ ప్రతినిధులూ ఉన్నారు. జూన్ 26న ఉభయులూ ఒకే పత్రంపై సంతకం చేశారు. ఒకరు సాధారణ సభ్యులుగా, మరొకరు శాశ్వత సభ్యులుగా.

అయితే ఆ పత్రంలో ఖాజీ నియమం వంటిది ఒకటి ఉన్నదని చెప్పకపోవడం అన్యాయమవుతుంది. వివాదాన్ని శాంతియుతంగా పరిష్కరించే తీర్మానాలపై, అందులో కక్షిదారైన దేశం ఓటు వేయరాదు. 1946 ఫిబ్రవరిలో సిరియా, లెబనాన్‌ల నుండి విదేశీ సేనలు వైదొలగే విషయం మండలి ముందుకు వచ్చినప్పుడు బ్రిటన్, ఫ్రాన్స్ ఓటుకు దూరంగా ఉన్నాయి. తీర్మానం మరీ మెతకగా ఉన్నదని సోవియట్ యూనియన్ దానిని వీటో చేసింది. సమితి చరిత్రలో మొదటి వీటో అదే. తీర్మానం వీగిపోయినా సేనలు కదిలాయి. ఏప్రిల్‌లో సిరియా ఊపిరి పీల్చుకున్నది. ఆ నియమం ఎంత మంచిదో ఈ ఒక్క ఉదంతం చాలు.

కాని అది ఎంతో కాలం నిలవలేదు. 1956 అక్టోబరు 30న ఈజిప్టు నుండి ఇజ్రాయెల్ సేనలు వెనుదిరగాలన్న తీర్మానాన్ని అవే బ్రిటన్, ఫ్రాన్స్ వీటో చేశాయి. అదే రోజు ఈజిప్టుకు హెచ్చరిక పంపి, మరునాడు బాంబులు వేసినవారూ వారే.

ఈ పద్ధతిని మార్చలేరా అన్నది విద్యార్థుల తదుపరి ప్రశ్న. 1965లో మండలి సభ్యుల సంఖ్య 11 నుండి 15కు పెరిగింది. పెరిగినవన్నీ తాత్కాలిక స్థానాలే. వీటోను తొలగించాలంటే శాసనపత్రాన్ని సవరించాలి; ఆ సవరణను ఐదు శాశ్వత దేశాలూ ఆమోదించాలి.