చీటీ చదివి పనిచేసే యంత్రం

పిల్లలూ! అడిగిన ప్రశ్నకు మాటలతో జవాబు చెప్పే కంప్యూటర్లను గురించి మీకు తెలుసు. ఆ విద్యకు కృత్రిమ మేధ అని పేరు. ఇప్పుడది జవాబు చెప్పి వూరుకోవటం లేదు; ఒప్పగించిన పనిని తానే పూనుకుని చేసిపెడుతున్నది. అలా మన తరఫున పని చక్కబెట్టే దాన్ని ఏజెంటు అంటారు.

దానికి చేతులు లేవు గదా, పని ఎలా చేస్తుంది? అందుకని దానికి కొన్ని పనిముట్లు ఇస్తారు. ఇవి సుత్తీ, కత్తెరా కావు. ఒక్కొక్క పనిని చేసే చిన్న చిన్న ప్రోగ్రాములు. ఒకటి రైళ్ల వేళలు చూసిపెడుతుంది. ఇంకొకటి టిక్కెట్టు కొంటుంది. మరొకటి కొన్న టిక్కెట్టును రద్దు చేస్తుంది.

సాధారణంగా ఏజెంటు ఈ పనిముట్ల లోపలికి తొంగిచూడదు. ప్రతి పనిముట్టుకూ ఒక పేరూ, అది ఏం చేస్తుందో చెప్పే వివరణా, దానికి ఏమేమి అందించాలో తెలిపే జాబితా వుంటాయి. ఏజెంటు చదివేది ఆ చీటీని మాత్రమే. చదివి, “ఈ పనికి ఫలానాది కావాలి” అంటుంది. కంప్యూటరు ఆ పనిముట్టును నడిపి, ఫలితం తెచ్చి ఇస్తుంది. 2024 నవంబరులో ఆంథ్రోపిక్ అనే సంస్థ, పనిముట్లను ఏజెంట్లకు తగిలించటానికి మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే వుమ్మడి పద్ధతిని ప్రకటించింది. అందులోనూ ఈ చీటీకి చోటున్నది.

మరి చీటీ సరిగా లేకపోతే? ఫిబ్రవరి నెలలో ఒక తాతగారు, “03-04 తేదీకి నాకు టిక్కెట్టు కొను,” అన్నారనుకోండి. మన దేశంలో అది ఏప్రిల్ 3. అమెరికా పద్ధతిలో మార్చి 4. చీటీ మీద “తేది ఇవ్వాలి” అని మాత్రమే వుంటే ఏజెంటు ఆ అంకెలు అలాగే అందిస్తుంది. పనిముట్టు అమెరికా లెక్కన చదివిందా, తాతగారు స్టేషనుకు వెళ్లేసరికి ఆయన రైలు వెళ్లిపోయి నెల్లాళ్లవుతుంది! “ముందు సంవత్సరం, తరవాత నెల, ఆ తరవాత రోజు రాయాలి, నెల ఏదో తేలకపోతే మనిషిని అడగాలి,” అని రాసి వుంటే ఈ చిక్కు వచ్చేది కాదు.

రెండు చీటీల మీద “టిక్కెట్టు సంగతి చూస్తుంది” అని వున్నా ప్రమాదమే. సీటు ఖాయమయిందో లేదో చూడమంటే, రద్దుచేసి కూర్చోవచ్చు!

చీటీ రాసినవాడికి అది ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. ఎందుకంటే పనిముట్టులో ఏమున్నదో అతనికి ముందే తెలుసు. అందుచేత చీటీలకు పరీక్ష పెట్టాలి. అది ఎలాగో మీరే ఇంట్లో చేసి చూడవచ్చు.

అమ్మను అడిగి, ఒకే రకం డబ్బాలు అయిదు తీసుకోండి. వాటిలో ఉప్పు, పంచదార, వంటసోడా, బియ్యప్పిండి, మైదా వుండాలి. వస్తువు పేరు చెప్పకుండా ఒక్కొక్క డబ్బాకు చీటీ రాసి అంటించండి. మీ స్నేహితుణ్ణి పిలిచి, మూత తియ్యవద్దని చెప్పి, పది కోరికలు కోరండి. “పాయసంలోకి తీపి కావాలి” వంటివి ఎనిమిది. మిగిలిన రెండూ, “పప్పులోకి చింతపండు కావాలి” వంటివి. వాటికి సరి అయిన జవాబు, “ఇక్కడ లేదు” అని! పదింటిలో ఎన్ని ఒప్పులో లెక్కవేయండి.

ఇప్పుడు తప్పులు చూడండి. “తెల్లగా వుంటుంది” అని రాసి వుంటే అది అయిదు డబ్బాలకూ సరిపోతుంది! ఆ ఒక్క చీటీనే మార్చండి. అయిదూ ఒకేసారి మారిస్తే ఏ మార్పు మేలు చేసిందో తెలియదు. తరవాత ఇంకొక స్నేహితుణ్ణి పిలిచి, కొత్త కోరికలు కోరండి. పాతవాడికి డబ్బాలు గుర్తుండిపోయి వుంటాయి గదా!

శాస్త్రజ్ఞులు చేసేదీ ఇదే. ఏజెంటు తగిన పనిముట్టును ఎంచిందా, దానికి అందించవలసినవి సరిగా అందించిందా, ఏదీ పనికిరానప్పుడు వూరుకున్నదా అని చూస్తారు. ఒకే ప్రశ్నకు అది ప్రతిసారీ ఒకేలా నడవదు కనక, మళ్లీ మళ్లీ అడుగుతారు. జాబితాలో పనిముట్ల వరస మార్చి కూడా అడుగుతారు. కొన్ని ప్రశ్నలను చివరి పరీక్షకని దాచి వుంచుతారు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంవారు 2024లో మొదలుపెట్టిన పరీక్షలో, ఏ పనిముట్టూ సరిపడని ప్రశ్నలు కూడా వున్నాయి.

పెద్దలు గమనించవలసింది ఒకటున్నది. చీటీ అబద్ధం కూడా చెప్పవచ్చు. వివరణలో దొంగ ఆజ్ఞలు దాచి ఏజెంటును మోసగించవచ్చని 2025లో పరిశోధకులు చూపించారు. అందుచేత డబ్బు చెల్లించటం, రద్దు చెయ్యటం వంటి పనులకు ముందు మనిషి అనుమతి అడిగేలా చూసుకోవాలి.

సరే, మీకొక పని. ఒక పెట్టెలో కత్తెరా, చాకూ వున్నాయి. “కోస్తుంది” అని రాస్తే రెండూ ఒకటే అవుతాయి. ఏది ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో తెలిసేలా చీటీలు రాయండి. రాసి, మీకంటె చిన్నవాళ్లచేత చదివించి, వాళ్లకు ఏమి అర్థమయిందో అడగండి!