బెల్లం కుకీకి ఆరోగ్యపు ముసుగు

క్రిస్మస్ నెల మొదలైనది మొదలు సంక్రాంతి ముగిసే వరకు మా రేణిగుంటలో ఇప్పుడొక కొత్త సందడి కనిపిస్తోంది. రాగి కుకీలు, కొర్ర కుకీలు, ఖర్జూరం కుకీలు, ఓట్స్ కుకీలు. ఒకప్పుడు ఓవెన్ అనే వస్తువును బేకరీలోనే చూసేవాళ్ళం. నేడది మధ్యతరగతి వంటింట్లో మిక్సీ పక్కన కొలువుదీరింది. సెలవులకు పిల్లలు ఇంటికి వస్తారు, చరవాణిలో ఒక వీడియో చూస్తారు, సాయంత్రానికి ఒక డబ్బా సిద్ధమవుతుంది. ఇందులో నాకు ఎట్టి అభ్యంతరమూ లేదు. స్వహస్తాలతో వండి ఇరుగుపొరుగుకు పంచే అలవాటు ఏ రూపంలో మిగిలినా సంతోషమే.

నా అభ్యంతరమంతా ఆ డబ్బాతో పాటు వచ్చే మాట మీద. "చక్కెర వేయలేదు, మైదా వేయలేదు, బెల్లంతో చేశాం. షుగర్ ఉన్నవారు కూడా నిర్భయంగా తినవచ్చు." ఈ మాట అసత్యం. మంచి మనసుతో చెప్పినా అసత్యమే. నాలుగు దశాబ్దాలకు పైగా వైద్యవృత్తిలో ఉన్నవాడిగా, దీనిని పండుగపూట పలకరింపుగా భావించి ఊరుకోలేకపోతున్నాను.

ముందుగా బెల్లం సంగతి చూద్దాం. మా ఊరి పక్కనున్న గాజులమండ్యం సహకార చక్కెర కర్మాగారానికి ఒకప్పుడు ఏ చెరకు బండ్ల మీద తరలివెళ్ళేదో, అదే చెరకు చిత్తూరు ప్రాంతపు గానుగలకూ వెళ్ళేది. కర్మాగారం రసాన్ని శుద్ధి చేసి స్ఫటికాలుగా మార్చింది. గానుగ దగ్గరి రైతు పెనంలో కాచి అచ్చులలో పోశాడు. దారులు వేరైనా సరుకు ఒకటే. బెల్లంలో నూటికి ఎనభైకి పైగా పాళ్ళు చక్కెరే. మిగిలినది తేమ, కొద్దిపాటి ఖనిజాలు. ఆ ఖనిజాలలో ఇనుము ఉన్నమాట నిజమే. అయితే రక్తహీనతను సరిదిద్దగలిగినంత ఇనుము బెల్లం నుంచే రావాలంటే ఎంత తినాలో లెక్క వేసినవారెవరూ ఆ సలహా ఇవ్వరు. పొన్నగంటి కూర, పప్పులు, మాంసాహారులకు కాలేయం, అవసరమైతే ఇనుము మాత్రలు ఉండగా కుకీని ఔషధంగా చేయవలసిన అగత్యమేమిటి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెరల గురించి మార్గదర్శకాలు వెలువరించింది. అందులో హద్దు పెట్టిన చక్కెరల నిర్వచనం చదవదగినది. తయారీదారు కలిపినవే గాక, వండేవారు కలిపినవీ, తినేవారు కలుపుకున్నవీ, తేనెలోనూ పాకాలలోనూ పండ్లరసాలలోనూ సహజంగా ఉన్నవీ అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. వండేవారు అన్న మాట అక్కడ స్పష్టంగా ఉంది. అమ్మ చేతితో వేసినందువల్ల బెల్లానికి మినహాయింపు దొరకదు. రోజువారీ శక్తిలో ఈ చక్కెరలు పది శాతం మించరాదనీ, ఐదు శాతం లోపుంటే మరింత మేలనీ ఆ సంస్థ చెప్పింది. రెండు వేల కేలరీలు తినే మనిషికి ఐదు శాతమంటే సుమారు 25 గ్రాములు.

ఇప్పుడు ఒక సాధారణ వంటకాన్ని తూకం వేద్దాం. రాగిపిండి 200 గ్రాములు, బెల్లం 150, వెన్న 150. వీటితో 25 కుకీలు వస్తాయనుకుందాం. పిండి నుంచి సుమారు 640 కేలరీలు, బెల్లం నుంచి 540, వెన్న నుంచి 1,080. మొత్తం 2,260. అంటే ఒక్కో కుకీకి 90. దానిలో సగం వంతు వెన్నదే. పేరు మాత్రం రాగిది! ఒక్కో కుకీలో ఐదు గ్రాముల చక్కెర ఉంటుంది. టీవీ ముందు కూర్చుని ఐదు తిన్నవాడు 450 కేలరీలు తిన్నాడు, ఆనాటి 25 గ్రాముల చక్కెర హద్దును అక్కడితోనే ముగించాడు. ఆ పైన కాఫీ ఉంది, పండుగ భోజనం ఉంది, పొరుగింటి అరిసె ఉంది.

రాగిలో కాల్షియం ఉందిగదా అంటారు. ఉంది. వంద గ్రాముల పిండిలో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది, ధాన్యాలలో దానికి సాటి లేదు. కానీ పై లెక్కలో ఒక్కో కుకీకి దక్కేది 28 మిల్లీగ్రాములే. ఒక గ్లాసు పాలలోని కాల్షియంతో సరితూగాలంటే ఎనిమిదో తొమ్మిదో కుకీలు తినాలి. అదే రాగిని మన రాయలసీమ ముద్దగా చేసుకుని, ఆకుకూర పప్పుతోనో వేరుశనగ చట్నీతోనో తిన్నది. అందులో వెన్న లేదు, బెల్లం లేదు. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు నేను ఎంతగానో సంతోషించాను. ఆ సంవత్సరం పుణ్యమా అని సంగటి తిరిగి పళ్ళెంలోకి వస్తుందనుకుంటే, చిరుధాన్యం బిస్కెట్టు పొట్లంలోకి చేరింది.

ఈ మాయ కొత్తదేమీ కాదు. నేడు ప్రతి కిరాణా కొట్టులోనూ దొరికే డైజెస్టివ్ బిస్కెట్టు చరిత్ర చూడండి. 1839లో స్కాట్లాండుకు చెందిన ఇద్దరు వైద్యులు జీర్ణశక్తికి తోడ్పడుతుందన్న ఆశతో తినేసోడా కలిపి దానికి రూపమిచ్చారని చెబుతారు. ఓవెన్ వేడికి ఆ సోడా చాలావరకు విచ్ఛిన్నమవుతుంది. జీర్ణానికి ఒరిగేది ఏమీ ఉండదు. అయినా పేరు నిలిచింది. దాదాపు రెండు శతాబ్దాలుగా జనం ఆ పేరును చూసి మరొకటి అదనంగా తింటున్నారు. (ఇందులో మా వృత్తివారి చేయి ఉన్నందుకు నాకు కొంత సిగ్గుగానే ఉంటుంది.)

మన అరిసె ఇంతకంటే నిజాయితీ గల పిండివంట. బియ్యప్పిండి, బెల్లం పాకం, నూనె లేదా నెయ్యి. అది ఆరోగ్యానికి మంచిదని మా అమ్మ ఏనాడూ అనలేదు. పండుగ గనుక చేసింది, రెండు పెట్టింది, మూడోది అడిగితే కసిరింది. నిప్పట్లూ కజ్జికాయలూ అంతే. తీపిని తీపిగా ఎరిగి తినేవాడు ఎక్కడో ఒకచోట చేయి ఆపుకుంటాడు. ఔషధమనుకుని తినేవాడు ఎందుకు ఆపుకోవాలి?

"ఇంట్లో చేసినదే కదా, బజారు బిస్కెట్టు కంటే మేలు కాదా?" అని అడుగుతారు. కొంత మేలే. నిల్వ రసాయనాలుండవు, సరుకు తాజాది. అయితే బజారు పొట్లం వెనుక చక్కెర ఎంతో, కొవ్వు ఎంతో అచ్చువేయక తప్పదు. ఇంటి డబ్బా మీద ఏ అంకే ఉండదు. పైగా వెన్న ధర భరించలేక చాలామంది వనస్పతినో మార్గరిన్‌నో వాడుతున్నారు. నూనెలలోనూ ఇటువంటి కొవ్వులలోనూ ట్రాన్స్ కొవ్వు రెండు శాతం మించరాదని మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2022 జనవరి నుంచి నిబంధన పెట్టింది గనుక ఆ ప్రమాదం మునుపటి కంటే తగ్గింది. సంతృప్త కొవ్వు మాత్రం అలాగే ఉంది. గుండెకు స్టెంటు వేయించుకున్నవారికి ఆ డబ్బా కానుకగా వెళ్ళినప్పుడు ఈ విషయం ఎవరు చెబుతారు?

ఇక అమ్మకానికి చేసేవారి సంగతి. వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని నాలుగు డబ్బులు సంపాదించుకునే ఆడపిల్లలంటే నాకు గౌరవం. కానీ అమ్మకం మొదలైతే అది ఆహార వ్యాపారమే. నమోదు చేసుకోవాలి, లేబులు మీది మాటకు బాధ్యత వహించాలి. 2018 నాటి నిబంధనల ప్రకారం "షుగర్ ఫ్రీ" అనాలంటే వంద గ్రాముల ఆహారంలో అర గ్రాముకు మించి చక్కెర ఉండరాదు. "అదనపు చక్కెర కలపలేదు" అనాలంటే తేనె వంటివి గానీ, చక్కెరకు బదులుగా ఎండుపండ్ల ముద్ద గానీ వేసి ఉండరాదు. అంటే ఖర్జూరం రుబ్బి వేసి "నో యాడెడ్ షుగర్" అని రాయడం చట్టం దృష్టిలోనే చెల్లదు. ఎండు ఖర్జూరంలో మూడింట రెండు వంతులు చక్కెరే. తేనె కుకీల విషయంలో మరొక హెచ్చరిక: ఏడాది నిండని పసిబిడ్డకు తేనె ఏ రూపంలోనూ పెట్టరాదు. బోటులిజం అనే ప్రాణాంతక వ్యాధికి కారణమయ్యే బీజాలు తేనెలో ఉండవచ్చు, వంటింటి వేడికి అవి నశిస్తాయన్న భరోసా లేదు.

ఇంతగా కోపం ఎందుకని మీరడగవచ్చు. భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో జరిగిన ఇండియాబ్ అధ్యయనం 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం మన దేశంలో మధుమేహులు 10 కోట్ల 10 లక్షల మంది. ఆ అంచున ఉన్నవారు మరో 13 కోట్ల 60 లక్షలు. ఏ వీధిలో డబ్బా పంచినా వీరిలో ఒకరి చేతికి చేరుతుంది. వారిలో కొందరు తెలివిగా పరీక్ష కూడా చేసుకుంటారు. కుకీలు తిన్న గంటకు గ్లూకోమీటరుతో చూసి, "పెరగలేదు డాక్టరుగారూ" అంటారు. వెన్న జీర్ణకోశం ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తుంది. అందువల్ల చక్కెర మెల్లగా, ఆలస్యంగా పెరుగుతుంది. గంటకు చూస్తే కనబడని పెరుగుదల మూడు గంటలకు కనబడవచ్చు. పరికరం అబద్ధం చెప్పలేదు, మనం అడిగిన వేళ సరైనది కాదు.

అసలు ప్రమాదం ఫిబ్రవరిలో వస్తుంది. హెచ్‌బీఏ1సీ పరీక్ష గత రెండు మూడు నెలల సగటును చెబుతుంది. క్రిస్మస్, సంక్రాంతి రెండూ అందులో పడతాయి. అంకె పెరిగి ఉంటుంది. "తీపి తింటున్నారా?" అని వైద్యుడు అడుగుతాడు. "లేదండీ, చక్కెర ముట్టలేదు" అని రోగి నమ్మకంగా చెబుతాడు. అతడి దృష్టిలో అది నిజమే. బెల్లం కుకీని అతడు తీపిగా లెక్కించలేదు. వైద్యుడు గ్లిమెపిరైడ్ మోతాదు పెంచుతాడు. డబ్బాలు ఖాళీ అవుతాయి, వేసవి వస్తుంది, ఆకలి తగ్గుతుంది, మాత్ర మాత్రం పెరిగిన మోతాదులోనే కొనసాగుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడి పడిపోయిన వృద్ధులను నేను చూశాను. ఎండదెబ్బ అనుకుని తీసుకువస్తారు. రక్తంలో చక్కెర చూస్తే 45 ఉంటుంది.

కాబట్టి ఈ సెలవులలో కొత్త కుకీ ప్రయత్నించండి, చక్కెరతోనే చేయండి, ఉస్మానియా బిస్కెట్టులా నోట్లో కరిగేలా చేయండి. చిన్నవిగా చేయండి. మధుమేహులు తినాలనుకుంటే భోజనంతో పాటు ఒకటి తిని, ఆ పూట అన్నం తగ్గించుకోవాలి. పంచే డబ్బా మూత మీద ఒక కాగితం అంటించి బెల్లం ఎన్ని గ్రాములో, వెన్న ఎన్ని గ్రాములో, మొత్తం ఎన్ని కుకీలో రాయండి. తర్వాత పరీక్షకు వెళ్ళినప్పుడు, ఎన్ని తిన్నారో ఆ లెక్కను వైద్యునికి చెప్పండి. మోతాదు పెంచవలసిందేనా, మరో నెల ఆగి చూడవచ్చునా అని ఆయననే అడగండి.