నిర్దోషులకు దక్కని న్యాయం

2014 మే 16న దేశమంతా లోక్‌సభ ఎన్నికల ఫలితాలలో తలమునకలై ఉండగా, సుప్రీంకోర్టు ఒక కీలక తీర్పు వెలువరించింది. గాంధీనగర్‌లోని అక్షరధామ్ ఆలయంపై 2002లో జరిగిన దాడి కేసులో శిక్షపడిన ఆరుగురూ నిర్దోషులేనని తేల్చింది. వారిలో ముగ్గురికి కింది కోర్టు మరణశిక్ష విధించింది. దర్యాప్తు తీరును సర్వోన్నత న్యాయస్థానం తీవ్రంగా తప్పుపట్టింది. అయినా ఫలితాల హోరులో ఆ తీర్పు మరుగున పడిపోయింది.

పదేళ్లకు పైగా జైలులో మగ్గినవారు పరిహారం కోరగా, 2016లో అదే న్యాయస్థానం నిరాకరించింది. అది ప్రమాదకరమైన ఆనవాయితీకి దారితీస్తుందని అభిప్రాయపడింది. బీహార్‌లో 1968లోనే నిర్దోషిగా తేలినా 1982 వరకు విడుదల కాని ఖైదీకి 1983లో సుప్రీంకోర్టే 35 వేల రూపాయల పరిహారం ఇప్పించింది. అంటే పరిహారం న్యాయమూర్తుల విచక్షణకు లోబడినదే తప్ప పౌరుని హక్కు కాదు.

ఈ లోటు తీర్చేందుకు ప్రత్యేక చట్ట నిబంధన అవసరమని లా కమిషన్ 2018లో సిఫార్సు చేసింది. 2024 జూలైలో అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత మాత్రం, అకారణంగా అరెస్టు చేయించినందుకు చెల్లించవలసిన పరిహారాన్ని పాత పరిమితి వెయ్యి రూపాయల వద్దే ఉంచింది.

అరెస్టు పతాక శీర్షిక అవుతుంది. విడుదల లోపలి పేజీలకు చేరుతుంది. తప్పుడు కేసుకు మూల్యం చెల్లించేది నిర్దోషి ఒక్కడే అయినంతకాలం, దర్యాప్తు సంస్థలు జాగ్రత్త వహిస్తాయని ఆశించడం అత్యాశే. ప్రజలు అడగనిదే ప్రభుత్వాలు ఈ నిబంధన తేవు.