వెచ్చగా ఉంటే చాలదు

మా అక్క కొడుకు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. పెళ్లయి రెండు నెలలు. "పిన్నీ, మాల్దీవుల ప్యాకేజీలో స్కూబా కూడా కలిపిస్తున్నారు. నీళ్లు గోరువెచ్చగా ఉంటాయట. బుక్ చేసెయ్యనా?"

గోరువెచ్చని నీళ్లే కావాలంటే మా విశాఖ సముద్రం చాలదట్రా అన్నాను. ఏప్రిల్‌లో రుషికొండ దగ్గర దిగితే చలి అన్న మాటే ఉండదు. కానీ అలల పోటుకి ఇసుకా బురదా లేచి, కొన్ని రోజులైతే చాపిన చెయ్యి కూడా మసగ్గా కనిపిస్తుంది. నీటి అడుగున తొలిసారి ఊపిరి పీల్చే మనిషికి గుండె జారేది అక్కడే.

వెచ్చదనాన్ని తీసిపారేయడం లేదు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకునేదాన్ని. నీరు ఒంటి వేడిని గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుందని నాకు తెలుసు. చలేస్తే ఊపిరి గబగబా తీస్తాం, సిలిండర్ తొందరగా ఖాళీ అవుతుంది. దళసరి వెట్‌సూట్ వేస్తే అది పైకి తేలుతుంది కాబట్టి నడుముకి ఇంకాస్త సీసం కట్టుకోవాలి. 28 డిగ్రీల నీళ్లలో ఈ తంటాలేవీ లేవు, 3 మిల్లీమీటర్ల సూట్ చాలు. అయితే ఆ నీళ్లు లోతు తక్కువగా, తేటగా, ఉరవడి లేకుండా కూడా ఉండాలి. అన్నిటికంటే ముందు, తొందరపడని గురువు దొరకాలి.

ఇది నా చెవి నేర్పిన పాఠం. నాలుగేళ్ల కిందట పడమటి తీరంలో ఒకచోట ఇరవై నిమిషాల ప్యాకేజీలో దిగాను. పడవ మీదే అయిదు నిమిషాల శిక్షణ. వెనక నుంచి సిలిండర్ పట్టుకుని ఒకబ్బాయి కిందికి తోసుకుపోయాడు, ఎదురుగా ఇంకొకడు వీడియో. చెవుల్లో మేకులు దిగినట్టయింది. ఇరవై రెండేళ్లుగా బాయిల్ సూత్రం బోర్డు మీద రాస్తున్నాను: పది మీటర్ల లోతుకి పీడనం రెట్టింపు, గాలి సగానికి కుదింపు. ముక్కు మూసుకుని చెవుల్లోకి గాలి ఊదుకుంటూ మెల్లగా దిగాలని చెప్పే తీరిక మాత్రం ఆ పడవలో ఎవరికీ లేదు. వీడియో బ్రహ్మాండంగా వచ్చింది. ఎడమ చెవి వారం రోజులు సరిగ్గా వినపడలేదు.

అందుకే ఎవరడిగినా నేను అండమాన్‌లోని హావ్‌లాక్ పేరు చెబుతాను. 2018లో స్వరాజ్ ద్వీప్ అని మార్చారు గానీ నా నోటికి పాత పేరే వస్తుంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఫెర్రీలో రెండు గంటలు అటూ ఇటూ. అక్కడ నీమో రీఫ్ అనేచోట పడవ కూడా అక్కర్లేదు, ఒడ్డు నుంచి నడుచుకుంటూ దిగడమే. నడుముల్లోతులో మోకాళ్ల మీద కూర్చోబెట్టి, మాస్కులోకి నీళ్లు రానిచ్చి, ముక్కుతో ఊది బయటికి తోయమన్నారు. ఆరుసార్లు ఉప్పునీళ్లు మింగాను. ఏడోసారికి వచ్చింది. ఎవరూ గడియారం చూడలేదు. సిలిండర్లు మోస్తున్న పెద్దాయన నా గొణుగుడు విని, "ఏటమ్మా, ఏ ఊరు మీది?" అన్నాడు. తాతల నాడు సిక్కోలు నుంచి వలసొచ్చిన కుటుంబమట.

ఇంకో సంగతి. నీళ్లలో బొటనవేలు పైకెత్తితే 'బాగుంది' అని కాదు, 'పైకి పోదాం' అని. వాట్సాప్ అలవాటుకొద్దీ క్లౌన్ చేపను చూసి నేను వేలెత్తాను. చేపను సరిగ్గా చూడనివ్వకుండానే మా గురువు పైకి తీసుకొచ్చేశాడు.

మాల్దీవులు చెడ్డవని కాదు. రిసార్టు ముందరి రీఫ్‌లో కొత్తవాళ్లూ దిగొచ్చు. కానీ డైవింగ్‌లో వాటికి పేరు తెచ్చిన చోట్లు చాలామటుకు దీవుల నడుమ పాయలు, ఉరవడి జాస్తి. తేలకుండా మునగకుండా ఒకచోట నిలవడం రానివాళ్లకి నీళ్లతో పెనుగులాడటమే సరిపోతుంది, ఇక చేపల్ని చూసేదెప్పుడు? పైగా కాళ్లు తాటించి పగడాలు విరగ్గొడతారు. నీళ్లు మరీ వేడెక్కి 2010లో అండమాన్ పగడాలు పెద్దఎత్తున తెల్లబడ్డాయి. వాటి మీద మన కాళ్లు కూడా ఎందుకు?

హావ్‌లాక్‌కే పొమ్మన్నాను, వెళితే డిసెంబరు, ఏప్రిల్ మధ్యలో వెళ్లమన్నాను. వీలైతే మూడు నాలుగు రోజుల ఓపెన్ వాటర్ కోర్సు చేసి, 18 మీటర్ల అర్హత తెచ్చుకోమన్నాను. వరసగా డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. మూడు రాత్రుల ప్యాకేజీల వాళ్లు ఈ 18 గంటల్ని ఎక్కడ సర్దుతారో నాకు తెలియదు.

నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. ఫిబ్రవరికి చెన్నై మీదుగా టికెట్లు తీసుకున్నాడట. "పిన్నీ, ముక్కులోకి నీళ్లు పోతే ఎలా?" ముందు బకెట్లో ముఖం పెట్టి ఇరవై దాకా లెక్కపెట్టమన్నాను.