బాధ కథ కావచ్చు, జబ్బు వరం కాదు



పాతబస్తీలోని దారుల్‌షిఫా పేరుకు అర్థం స్వస్థత చేకూర్చే నిలయం. 1595లో కులీ కుతుబ్ షా కట్టించిన వైద్యశాల వల్ల ఆ పేటకు ఆ పేరు నిలిచింది. ఈ ప్రాంతపు ఉర్దూ పాఠకులు అభిమానించే కథకులలో సాదత్ హసన్ మంటో ఒకరు. మద్యపాన వ్యసనం వల్ల ఆయన లాహోరు మానసిక చికిత్సాలయంలో ఉండవలసి వచ్చింది. దేశవిభజన తరువాత అటువంటి రోగులను రెండు దేశాలు పంచుకోవడమే ఆయన 'టోబా టేక్ సింగ్' కథకు ఇతివృత్తం.

"ఆ బాధ లేకపోతే ఆ కథ పుట్టేదా?" అని సాహిత్యాభిమానులు అడుగుతారు. బాధ కథకు ముడిసరుకు కావచ్చు. కానీ దానిని కథగా మలచినది ఆయన పరిశీలన, శిల్పం, కరుణ. వ్యసనం ఇచ్చినది మాత్రం పాడైన కాలేయం, 1955లో 42 ఏళ్లకే మరణం. రాయని కథలెన్నో దానితోపాటే పోయాయి.

అమెరికా రచయిత్రి షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ ప్రసవానంతర కుంగుబాటుకు లోనైనప్పుడు, వైద్యుడు విశ్రాంతి విధించి, ఇక కలం పట్టవద్దన్నాడు. ఆమె పరిస్థితి మరింత విషమించింది. ఆ సలహాను పక్కన పెట్టి, కొంత కోలుకున్న తరువాతే 'ది ఎల్లో వాల్‌పేపర్' రాసింది. 1892లో అచ్చయిన ఆ కథలోని నాయికకు కలిగే భ్రమలు తనకెన్నడూ కలగలేదని ఆమే చెప్పింది. కనుక పాత్రను చూసి రచయితకు రోగనిర్ధారణ చేయకూడదు. రోగి మాట వినని వైద్యం కూడా హాని చేయగలదు.

తీవ్రమైన కుంగుబాటులో నిద్ర, ఏకాగ్రత, సంకల్పం సడలిపోతాయి. ఒక్క వాక్యం పూర్తిచేయడమూ భారమే. రచనకు కావలసిన శక్తులనే జబ్బు ముందుగా హరిస్తుంది. "మందులు వాడితే కవిత్వం ఎండిపోతుంది" అని చికిత్సకు దూరమయ్యే యువతీయువకులకు నేను చెప్పేది ఇదే. కొన్ని మందుల వల్ల మనసు మందగించినట్లు అనిపించవచ్చు. అప్పుడు వైద్యునితో చెప్పి మోతాదునో, మందునో మార్పించుకోవాలి. అంతేగాని సొంతంగా మానేయరాదు.

మీ ఇంట్లో ఎవరైనా చావు గురించే పదేపదే రాస్తుంటే, మెచ్చుకోవడానికో మందలించడానికో ముందు, పక్కన కూర్చొని "నిజంగా అలా అనిపిస్తోందా?" అని అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఔననే జవాబు వస్తే వారిని ఒంటరిగా వదలక వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. ప్రభుత్వ టెలీ మానస్ సహాయ కేంద్రం 14416 రేయింబవళ్లు ఉచితంగా పనిచేస్తుంది.

కథ తరువాతైనా రాసుకోవచ్చు. ముందు కథకుడు బతకాలి.