మన్యం చలికి ఏ బ్యాటరీ?

చలికాలంలో లంబసింగి, చింతపల్లి వైపు తెల్లారుజామున ఎట్లా ఉంటదో మీకు చెప్పక్కర్లేదు. కొన్నేళ్లు సున్నా డిగ్రీల దగ్గరికి పోతుంది. మైదానం కోసం లెక్కలేసిన సోలార్ కిట్టునే ఆ కొండ మీద బిగించి పోతే ఏమవుద్ది? రెండో చలికాలానికి లైటు ఎనిమిదింటికే ఆరిపోద్ది. "మీరు సరిగా వాడలేదు" అని మాట మనమీదికే వస్తుంది. వాడకం సంగతి తర్వాత, ముందు ఆ పెట్టెలో ఏముందో చూడండి.

నీళ్లు పోసే లెడ్ యాసిడ్ బ్యాటరీ 25 డిగ్రీల దగ్గర ఇచ్చేదాంట్లో, సున్నా దగ్గర సుమారు 80 శాతమే ఇస్తుంది. అసలు దెబ్బ చార్జింగ్‌లో ఉంది. చల్లబడిన బ్యాటరీ నిండాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. 25 నుంచి 5 డిగ్రీలకు దిగితే, 12 వోల్టుల బ్యాటరీకి దాదాపు అర వోల్టు అదనం. చార్జ్ కంట్రోలర్‌లో టెంపరేచర్ కాంపెన్సేషన్ లేకపోతే అది అందదు. రోజూ సగంసగం నిండి, లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ఇక అంతే.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకానికి ఈ గొడవ తక్కువ. సున్నా కిందికి పోయాక చార్జి చేస్తే మాత్రం పాడైపోద్ది, అందుకే లడఖ్ లాంటి చోట దానికి వేడి పెట్టాలి. మన కొండల్లో ఇంటి లోపల పెడితే చాలు. ధర ఎక్కువే. అయినా నేను దీన్నే అడగమంటాను. రోడ్డు లేక మనుషుల్నే డోలీలో మోస్తున్నాం, బరువైన బ్యాటరీనీ, డిస్టిల్డ్ వాటర్ క్యాన్లనీ ఎవరు మోస్తారు?

లెక్క చూడండి. 9 వాట్ల బల్బులు మూడు, ఐదు గంటలు: 135 వాట్-అవర్లు. ఫోన్లతో కలిపి 155. 12 వోల్టుల 40 ఏహెచ్ లెడ్ యాసిడ్ అంటే కాగితం మీద 480. సగమే వాడాలి, చలికి ఇంకొంత తీసేస్తే 190. ముసురు పట్టిన రెండో రాత్రికి చీకటే. 30 ఏహెచ్ లిథియం అయితే 80 శాతం వాడుకున్నా 300 దాటుతుంది.

2023లో మొదలైన పీఎం జన్‌మన్‌లో పీవీటీజీ ఇళ్లకు సోలార్ ఉంది. 1996 పెసా చట్టం ప్రకారం పథకాన్ని ముందు గ్రామసభ ఆమోదించాలి, ఖర్చయ్యాక వినియోగ ధ్రువీకరణా గ్రామసభే ఇవ్వాలి. అందుకని సంతకానికి ముందే అడగండి: బ్యాటరీ ఏ రకం, ఎన్ని ఏహెచ్, కంట్రోలర్‌లో కాంపెన్సేషన్ ఉందా, వారంటీ ఎన్నేళ్లు, పాడైతే కొండ ఎక్కి వచ్చేదెవరు? జవాబులు తీర్మానం పుస్తకంలో రాయించండి.